గుండె ఆపరేషన్ ఉచితం, బీపీ మాత్ర సొంత ఖర్చు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అందరికీ ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందించాలా అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒక్క ఉత్తరమే తీసుకున్నాం.

ప్రశ్న: ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆరోగ్యశ్రీ పరిమితి పెంచుతామంటారు. అసలు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లేకుండా వైద్యం ఖర్చంతా ప్రభుత్వమే భరించాలా? అంత డబ్బు ఎక్కడిది? బయటి దేశాల్లో ఎలా నడుస్తోంది?
– ఎస్.వి., తెనాలి

జవాబు: భరించాలి. భరించడం సాధ్యమే. అయితే కార్డు మీద ఎన్ని లక్షలు రాశారన్న దానికంటే, జబ్బు ఏ దశలో ఉండగా ప్రభుత్వం డబ్బు ఖర్చుపెడుతోందన్నది ముఖ్యం. మన దగ్గర చర్చంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతోంది.

ముందు డబ్బు సంగతి. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యం మీద అన్ని రకాలుగా అయిన ఖర్చు సుమారు 9.04 లక్షల కోట్ల రూపాయలు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టింది 4.34 లక్షల కోట్లు, అంటే జీడీపీలో 1.84 శాతం. జనం నేరుగా జేబులోంచి ఇచ్చింది 39.4 శాతం, దాదాపు 3.56 లక్షల కోట్లు. 2013-14లో ఈ జేబు ఖర్చు 64.2 శాతం ఉండేది కాబట్టి బాగానే తగ్గింది. అయినా తలకు ఏటా రెండున్నర వేలు, నలుగురున్న ఇంటికి పది వేలు పడుతోంది. ఇది సగటు మాత్రమే. ఏ జబ్బూ లేని ఇంట్లో ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా కాకపోవచ్చు. కిడ్నీలు దెబ్బతిన్న మనిషి ఉన్న ఇంట్లో పొలం అమ్మాల్సి రావచ్చు. జబ్బు ఎవరికొస్తుందో ముందుగా తెలియదు కాబట్టే ఈ ఖర్చును అందరూ కలిసి మోయాలంటున్నాం.

ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి తీసుకెళ్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో రాసుకున్నారు. పై ఏడాది లెక్కల మీదే చూస్తే అందుకు అదనంగా కావలసింది సుమారు 1.55 లక్షల కోట్లు. చిన్న మొత్తమేం కాదు. కానీ జనం ఇప్పటికే జేబులోంచి ఇస్తున్న దానిలో ఇది సగం కూడా లేదు. ఎలాగూ మన దగ్గర నుంచే పోతున్న డబ్బు. ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర, జబ్బుతో ఉన్నప్పుడు, బేరమాడే ఓపిక లేనప్పుడు ఇస్తున్నాం. అదే పన్ను రూపంలో ముందే ఇస్తే కొనేటప్పుడు బేరమాడే బలం ప్రభుత్వానికి ఉంటుంది.

ఉన్నవాళ్లకు కూడా ఎందుకని చాలామంది అడిగారు. ఎవరు పేదో తేల్చే పనికే బోలెడు ఖర్చు, బోలెడు తప్పులు. ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారుల జాబితాను 2018లో మొదలుపెట్టినప్పుడు 2011 నాటి సామాజిక ఆర్థిక కులగణన ఆధారంగా తీశారు. ఆ ఏడేళ్లలో అప్పులపాలైన కుటుంబాల పేర్లు అందులో ఎలా ఉంటాయి? దీనికంటే పెద్ద కారణం మరొకటి ఉంది. మాట చెల్లేవాళ్లు వెళ్లని ఆస్పత్రిలో లిఫ్టు ఏడాదిపాటు పనిచేయకపోయినా అడిగే నాథుడుండడు. కలెక్టరు తల్లీ కూలీ తల్లీ ఒకే ఓపీలో కూర్చుంటే ఆ ఓపీలో ఫ్యాన్ తిరుగుతుంది.

ఇంగ్లండ్‌లో అందరికీ వైద్యం అందించే ప్రభుత్వ వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. ఖర్చులో సింహభాగం పన్నుల నుంచే వస్తుంది. ఆస్పత్రిలో రోగి బిల్లు కట్టడు. కానీ స్పెషలిస్టు దగ్గరకు సూటిగా వెళ్లే వీలుండదు. ముందు మీ పేటలోని జనరల్ ప్రాక్టీషనర్ చూడాలి, ఆయన రాసి పంపాలి. అత్యవసరం కాని చికిత్స 18 వారాల్లో మొదలవ్వాలన్నది వాళ్ల లక్ష్యం. 2016 నుంచి దాన్ని అందుకోలేకపోతున్నారు, నిరీక్షణ జాబితా 70 లక్షలు దాటింది. అక్కడ డబ్బుకు బదులు ఎదురుచూపుతో మూల్యం చెల్లిస్తారు. ఆ ఎదురుచూపు కూడా పేదా ధనికా చూడకుండా పంచినదేనని, అప్పులపాలు కావడం కన్నా అదే నయమని మా అభిప్రాయం. తుంటి నొప్పితో ఏడాదిగా ఎదురుచూస్తున్న వ్యక్తి ఒప్పుకోకపోవచ్చు.

మనకు ఎక్కువ పనికొచ్చేది థాయ్‌లాండ్. ధనిక దేశం కాకుండానే అందరికీ వైద్యం పథకాన్ని 2001లో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2002 నాటికి దేశమంతా అమలు చేసింది. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్‌లు (అక్కడి కరెన్సీ) కడితే చాలు. తర్వాత కొన్నేళ్లు అదీ ఎత్తేశారు. డబ్బు చేరే దారి చూడండి: ఓపీ వైద్యానికి ఒక్కో రోగానికి ఇంతని కాకుండా, ఆ ప్రాంతంలో నమోదైన ప్రతి మనిషికీ ఏడాదికి ఇంతని లెక్కగట్టి జిల్లా స్థాయి ఆస్పత్రుల వ్యవస్థకు ముందే ఇస్తారు. షుగర్‌ను అదుపులో ఉంచితే ఆ డబ్బు మిగులుతుంది, వదిలేస్తే ఆస్పత్రికే నష్టం. దీంట్లోనూ ఒక గొయ్యి ఉంది. ఖర్చు తగ్గించుకోవాలని అవసరమైన పరీక్ష కూడా రాయకుండా సరిపెట్టే ప్రమాదం. అందుకే ఖరీదైన చికిత్సలకు విడిగా నిధి పెట్టారు. ముఖ్యమైన విషయం ఏమిటంటే, పథకం ప్రకటించడానికి చాలా ముందే వాళ్లు గ్రామీణ ఆస్పత్రులు కట్టారు, వైద్య విద్యార్థులకు 1970లలోనే మూడేళ్ల తప్పనిసరి ప్రభుత్వ సర్వీసు పెట్టారు. ముందు ఆస్పత్రి, తర్వాత కార్డు.

మనం కార్డుతో మొదలుపెట్టాం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు ఇచ్చేవారు. గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లలకు, కేన్సర్ రోగులకు అది నిజంగా ప్రాణం పోసింది. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ఆ తర్వాత పోటీ అంతా అంకెల మీదే సాగింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ 10 లక్షలకు, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ఏడాదిలో పాతిక లక్షల వైద్యం అవసరమయ్యే కుటుంబాలు చాలా తక్కువ. బీపీ మాత్ర అవసరం లేని వీధి ఒక్కటీ లేదు.

ప్రశ్న: ఇంట్లో ఇద్దరికీ బీపీ, షుగర్. నెలకు మందులకే 2,800 అవుతోంది. కార్డు మీద 25 లక్షలు ఉన్నాయంటారు, మాత్రలకు మాత్రం రూపాయి రాదు. ఎందుకని?
– జి.ఎల్., అనకాపల్లి జిల్లా

జవాబు: ఆ పథకం డబ్బిచ్చేది ప్యాకేజీల లెక్కన. ఆస్పత్రిలో చేరడం, ఫలానా చికిత్స చేయడం, డిశ్చార్జి కావడం అన్నీ జరిగితేనే ప్యాకేజీ. కొన్ని పెద్ద చికిత్సల తర్వాత ఫాలో అప్ మందులు ఇస్తారు తప్ప, రోజూ వేసుకునే మాత్రకు అందులో చోటు లేదు. షుగర్ ముదిరి వేళ్లు కుళ్లితే తీసేయడానికి ప్యాకేజీ ఉంది. కిడ్నీలు పాడైతే డయాలసిస్‌కు ఉంది. అంతదాకా రాకుండా ఆపే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఖర్చు మాత్రం మీదే. మన పథకాల్లో అసలు లోపం ఇదే.

మీ ఖర్చు తగ్గే దారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది నియమం. గిరిజన ప్రాంతాల్లో 3,000కు, 20,000కు ఒకటి. ముప్పై ఏళ్లు దాటిన ఎవరికైనా అక్కడ బీపీ, షుగర్ పరీక్షలు చేసి, జబ్బు ఉంటే నమోదు చేసుకుని నెలకు సరిపడా మందులివ్వాలి. తెల్లకార్డు అడగరు. ఇద్దరి ఆధార్ కార్డులు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, మూడు నెలల లోపు రిపోర్టులు తీసుకెళ్లి ‘ఎన్‌సీడీ కింద పేరు రాయించుకోవాలి’ అని చెప్పండి (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బులను ఎన్‌సీడీ అంటారు). ఆ మాట అనకపోతే మామూలు ఓపీ చీటీ రాసి మూడు రోజుల మాత్రలిచ్చి పంపేస్తారు.

మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ లాంటివి సాధారణంగా అక్కడ దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే, ప్రైవేటు డాక్టర్లు ఎక్కువగా రెండు మూడు మందులు కలిపిన మాత్ర రాస్తారు. అది పీహెచ్‌సీలో ఉండదు. ‘లేదు’ అనగానే జనం వెనక్కి వచ్చేస్తారు. టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిపిన మాత్రకు బదులు అవే రెండు విడివిడిగా, అదే మోతాదులో వేసుకోవచ్చేమో అక్కడి మెడికల్ ఆఫీసర్‌ను అడగండి. మాత్రల సంఖ్య పెరుగుతుంది, ఖర్చు పోతుంది. మోతాదును మాత్రం మీ అంతట మీరు మార్చకండి. అక్కడ లేని మందులు జన ఔషధి దుకాణంలో కొనండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయించుకుంటేనే అక్కడ తేలిగ్గా ఇస్తారు. బ్రాండెడ్ ధరలో సగం, చాలాచోట్ల అంతకంటే తక్కువే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు బస్తీ దవాఖానాలు ఇదే పని చేస్తాయి.

మాత్రలు నిండుకున్నాక వెళ్లవద్దు. పది రోజులవి మిగిలి ఉండగానే వెళ్లండి. స్టాకు ఎందుకు అయిపోతుందో తెలిస్తే ఈ జాగ్రత్త అర్థమవుతుంది. పీహెచ్‌సీ ఫార్మసిస్టు గతంలో ఎంత మందు ఖర్చయిందో చూసి తర్వాతి ఇండెంటు, అంటే కావలసిన మందుల జాబితా, పెడతాడు. కిందటి మూడు నెలల్లో రెండు నెలలు మందే రాలేదనుకోండి, కంప్యూటర్‌లో ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. తర్వాతి ఇండెంటూ తక్కువే వెళ్తుంది. కొరతే మళ్లీ కొరతను పుట్టిస్తుంది. మీరు వెళ్లి, మందు లేకపోయినా పేరు రాయించుకుని వస్తే అక్కడ నమోదైన రోగుల సంఖ్య పెరుగుతుంది. కాబట్టి ఖాళీ చేతులతో తిరిగొచ్చినా ఆ రాక వృథా కాదు.

తమిళనాడు ఈ చిక్కును 1990ల మధ్యలోనే చాలావరకు విప్పింది. అక్కడి మందుల కొనుగోలు కార్పొరేషన్ రాష్ట్రం మొత్తానికి టోకున కొంటుంది, జిల్లా గోదాముల్లో నిల్వ చేస్తుంది, ప్రతి బ్యాచ్‌ను ల్యాబ్‌లో పరీక్ష చేయించి గానీ బయటికి పంపదు. ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్. ఏడాదికి ఇంత విలువని అందులో రాస్తారు. గోదాము నుంచి తీసుకున్న కొద్దీ విలువ తగ్గుతుంది. ఏ మందు ఎంత కావాలో డాక్టరే నిర్ణయిస్తాడు, డబ్బు మాత్రం చేతికి రాదు. పాతిక లక్షల కార్డు కంటే ఈ పాస్‌బుక్కే పేదవాడికి ఎక్కువ మేలు చేస్తుందని మా గట్టి నమ్మకం.

ప్రశ్న: మా అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆరోగ్యశ్రీలో అప్రూవల్ వచ్చింది. ‘మంచి ఇంప్లాంట్ కావాలంటే వేరే 35,000 కట్టండి, రసీదు ఉండదు’ అన్నారు. కట్టాలా?
– పేరు వద్దన్నారు, వరంగల్

జవాబు: కట్టనక్కర్లేదు. ప్యాకేజీలో పడక, సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, పరీక్షలు, ఇంప్లాంట్, మందులు, రోగికి భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికి వెళ్లే చార్జీలు అన్నీ కలిసి ఉంటాయి. ‘రసీదు ఉండదు’ అనడంలోనే అది చెల్లని వసూలని తెలిసిపోతోంది.

మొదట పథకం తరఫున ఆస్పత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లండి. మంజూరైన ప్యాకేజీ పేరు, కోడ్, మొత్తం అడిగి రాసుకోండి, వీలైతే తెర మీద ఉన్నది ఫొటో తీసుకోండి. తర్వాత డాక్టర్‌ను మర్యాదగానే అడగండి: ‘ప్యాకేజీలో ఇచ్చే ఇంప్లాంట్ ఈమెకు ఎందుకు సరిపోదో కేస్‌షీట్‌లో రాయండి.’ చాలా సందర్భాల్లో ఈ ఒక్క మాటతో 35,000 సంగతి మాయమవుతుంది. కాకపోతే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, జిల్లా కోఆర్డినేటర్‌కు అదే నంబరు చెప్పండి.

ఎముక విరిగిన పెద్దావిడను రోజుల తరబడి ఆపడం మంచిది కాదు. ఊపిరితిత్తులకు నిమ్ము చేరడం, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు అన్నీ ఆలస్యంతో వచ్చేవే. గత్యంతరం లేక కట్టాల్సివస్తే నగదు ఇవ్వకండి. యూపీఐ లేదా కార్డు ద్వారా ఆస్పత్రి ఖాతాకే పంపండి. ఆ లావాదేవీయే రేపు మీ సాక్ష్యం.

ఆపరేషన్ తర్వాత ఇంప్లాంట్ ప్యాకెట్ మీది స్టిక్కర్లను కేస్‌షీట్‌లో అంటిస్తారు. కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉంటాయి. దాని ఫొటో, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే రెండూ మీ దగ్గర ఉంచుకోండి. ‘మంచిది’ అని చెప్పి ఏది వేశారో అందులో బయటపడుతుంది. డిశ్చార్జి రోజున సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టమంటారు. ఖాళీ కాగితం మీద పెట్టకండి, మందులూ చార్జీలూ చేతికొచ్చాకే పెట్టండి.

ఇంకా ఆస్పత్రిలో చేరని వాళ్లకు ఒక మాట. అప్రూవల్ ఆగేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. రేషన్ కార్డులో ‘లక్ష్మి’, ఆధార్‌లో ‘లక్ష్మీదేవి’ అని ఉండటం, కొత్త కోడలి పేరు ఇంకా కార్డులోకి ఎక్కకపోవడం లాంటివి. ఇవి తీరిగ్గా ఉన్నప్పుడే సరిచేయించుకోండి. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకుని ఆపరేషన్ మొదలుపెట్టే వీలుంది, ఆరోగ్యమిత్రను అడగండి. అనుమతీ ఫోనూ లేకుండా ముందే ఆపరేషన్ చేసేస్తే మిమ్మల్ని డబ్బు కట్టే రోగి కింద రాసేస్తారు. ఆ తర్వాత మార్చడం చాలా కష్టం.

ప్రశ్న: రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ని డిపాజిట్ కడితేనే చేర్చుకుంటామంటే ఏం చేయాలి?
– బి.ఆర్., సూర్యాపేట

జవాబు: ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అత్యవసర వైద్యం అందకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో మళ్లీ తేల్చింది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా నగదు లేకుండా చికిత్స చేయాలి. కార్డు, ఆదాయం చూడరు. 108కి ఫోన్ చేసినప్పుడే ‘నగదురహిత చికిత్స ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి’ అని అడగండి. ప్రమాదం సంగతి పోలీసులకు వెంటనే చేరాలి. వాళ్ల నిర్ధారణ లేకపోతే ఆస్పత్రికి డబ్బు రాదు, ఆ భయంతోనే చాలామంది డిపాజిట్ అడుగుతారు.

ప్రశ్న: బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తున్నాయని ఏటా వార్తలొస్తాయి. తప్పు ఎవరిది? బీమా కంపెనీలకు అప్పగిస్తే బాగుపడుతుందా?
– ఆర్.కె., కర్నూలు

జవాబు: ఆస్పత్రి చికిత్స చేసి, డిశ్చార్జి సమ్మరీ, ఫొటోలు, రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టి క్లెయిమ్ పంపుతుంది. పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి, అవసరమైతే కోత పెట్టి మంజూరు చేస్తారు. అక్కడిదాకా బాగానే నడుస్తుంది. మంజూరైన మొత్తం చేతికి రావాలంటే ఆర్థిక శాఖ నిధులు విడుదల చేయాలి. పరిమితి పెంచినప్పుడూ చికిత్సల జాబితా పెంచినప్పుడూ ప్రకటన ఘనంగా ఉంటుంది, బడ్జెట్ ఆ మేరకు పెరగదు. ఆ తేడాయే బకాయి.

అన్ని ఆస్పత్రులకూ దెబ్బ ఒకేలా తగలదు. ఆరోగ్యశ్రీ రోగులు పదిమందిలో ఒకరే ఉండే కార్పొరేట్ ఆస్పత్రి తట్టుకుంటుంది. జిల్లా కేంద్రంలో 50 పడకలతో, రోగుల్లో చాలామంది కార్డు మీదే వచ్చే ఆస్పత్రికి నర్సుల జీతాలు ఆగుతాయి. అలాంటిచోట సమ్మె నోటీసుకు ముందే ‘పడకలు ఖాళీ లేవు, వచ్చే వారం రండి’ అనడం మొదలవుతుంది.

ఆస్పత్రుల వైపు తప్పులేదనీ అనలేం. గిట్టుబాటయ్యే ప్యాకేజీలు ఏరుకోవడం మామూలే. పథకం తొలి ఏళ్లలో నడివయసు కూడా రాని ఆడవాళ్లకు అవసరం లేకుండా గర్భసంచి తొలగించిన కేసులు వెలుగుచూశాకే ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు నుంచి తప్పించి ప్రభుత్వ ఆస్పత్రులకు కేటాయించారు. ఆయుష్మాన్ భారత్ మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదికలో, అన్నీ తొమ్మిదులే ఉన్న ఒకే ఫోన్ నంబరు మీద దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు నమోదైనట్టు తేలింది. ఇలాంటివి బయటపడ్డప్పుడల్లా తనిఖీలు పెరుగుతాయి, నిజాయితీగా చేసిన క్లెయిమ్ కూడా నెలల తరబడి ఆగుతుంది.

బీమా సంగతి. ఆరోగ్యశ్రీ మొదట బీమా కంపెనీతోనే నడిచింది, తర్వాతే ట్రస్టు చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో మళ్లీ కలగలుపు పద్ధతికి ఒప్పుకుంది: 2.5 లక్షల వరకు బీమా, ఆపై 25 లక్షల దాకా ట్రస్టు. ప్రీమియం ముందే కట్టాలి కాబట్టి ప్రభుత్వానికి ఎగవేసే వీలు తగ్గుతుంది. అది మంచిదే. కానీ క్లెయిమ్ తిరస్కరిస్తే కంపెనీకి మిగులు. ట్రస్టుకు ఆ ఆశ లేదు. కాబట్టి ఒప్పందంలో చూడాల్సింది ప్రీమియం ఎంత తక్కువన్నది కాదు. తిరస్కరణలకు గడువేమిటి, అప్పీలు ఎవరు వింటారు, క్లెయిములు తక్కువైతే మిగిలిన ప్రీమియం వెనక్కి వస్తుందా అన్నవి చూడాలి. ఏ పద్ధతైనా నిధులు నెలనెలా వాటంతటవే విడుదలయ్యేలా చట్టంలో రాయకపోతే ఆర్థిక శాఖ గుమ్మం దగ్గరే ఆగుతాయి.

సేవలు ఆగినప్పుడు ఎక్కువ ప్రమాదంలో పడేది డయాలసిస్ రోగులు. రెండో కేంద్రం ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోండి, బోధనాసుపత్రి అయితే మేలు. హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, హెచ్‌ఐవీ తాజా రిపోర్టులు లేకుండా కొత్త కేంద్రం మిషన్ మీద పెట్టదు. వాటితోపాటు చివరి సెషన్ షీటు, డ్రై వెయిట్ (డయాలసిస్ అయ్యాక ఉండాల్సిన బరువు) ఎంతో రాసిన కాగితం ఒక కవర్లో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచండి.

ప్రశ్న: నాన్నగారికి 72. ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యారు. తెల్లకార్డు లేదు, సొంత బీమా ఉంది. 70 దాటినవాళ్లకు కేంద్రం ఇచ్చేది ఆయనకు వర్తిస్తుందా?
– ఎం.ఎస్., విజయవాడ

జవాబు: వర్తిస్తుంది. 2024 అక్టోబర్ 29 నుంచి 70 నిండిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. వయసుకు ఆధార్ మీది పుట్టిన తేదీయే ఆధారం. ప్రైవేటు బీమా ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా అడ్డు కాదు. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం), మాజీ సైనికుల పథకం లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి.

ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో కేవైసీ చేస్తే కార్డు వస్తుంది. వేలిముద్రలు అరిగిపోయి పడకపోతే ఓటీపీతోనో ముఖం గుర్తింపుతోనో చేయించండి. ఆధార్‌కు మొబైల్ నంబరు కలిపి ఉండాలి. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు బీమాలో పాత జబ్బుకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు కాబట్టి ఇది పెద్ద తేడా. చేరడానికి 3 రోజుల ముందు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చులూ ఇందులో వస్తాయి. అలాగని సొంత బీమా మానేయకండి. మీకు కావలసిన ఆస్పత్రి ఈ జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి, ఆ తర్వాత ఆస్పత్రి డెస్క్‌లోనూ అడిగి చూశాకే ఏది వాడాలో తేల్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వెళ్తున్నాడు. అక్కడ వైద్యం ఉచితమంటారు, వీసాతోపాటే వెయ్యి పౌండ్లకు పైగా కట్టించుకున్నారు. మళ్లీ బీమా తీసుకోవాలా?
– టి.పి., నిజామాబాద్

జవాబు: ఆ డబ్బు ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జి. విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకు వీసా దాదాపు 16 నెలలకు ఇస్తారు. ఏడాది పైన ఆరు నెలల లోపు మిగులు ఉంటే సగం రుసుము కలుపుతారు కాబట్టి 1,164 పౌండ్లు అయింది. వీసా రాకపోతే ఇది వెనక్కి వస్తుంది.

ఒకసారి కట్టాక అక్కడివాళ్లతో సమానంగా ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవచ్చు, ఆస్పత్రి వైద్యానికి వేరే బీమా అక్కర్లేదు. అయితే దిగిన వారంలోనే ఇంటికి దగ్గరలో ఉన్న జీపీ (జనరల్ ప్రాక్టీషనర్) దగ్గర పేరు నమోదు చేయించుకోమనండి. జ్వరం వచ్చాక నమోదుకు పరుగెత్తేవాళ్లే ఎక్కువ. మందుల చీటీకి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు, స్కాట్లండ్, వేల్స్‌లలో ఏమీ ఉండదు. పంటి వైద్యానికి, కళ్లజోడుకు డబ్బు కట్టాలి, పైగా ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దొరకడం చాలా ఊళ్లలో కష్టం. పుచ్చుపళ్లు ఉంటే ఇక్కడే చూపించుకుని, కళ్లజోళ్లు రెండు జతలు చేయించుకుని వెళ్లడం నయం. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకు సరిపడా, మందు పేరుతో డాక్టర్ రాసిన ఇంగ్లిషు చీటీతో సహా పట్టుకెళ్లాలి. ప్రాణం మీదికి వస్తే 999, ఏం చేయాలో తెలియని స్థితిలో 111. ఈ రెండు నంబర్లూ విమానం ఎక్కకముందే ఫోన్లో పెట్టించండి.